కోటలో కూతురు, పత్రములో కుమారుడు

తనకల్లు, కదిరి ప్రాంతములవారికి తిమ్మమ్మ మఱ్ఱిమాను క్రొత్త గాదు. భర్తతో సహగమనము చేసిన యొక యిల్లాలి పేర వెలసిన ఆ మహావృక్షము క్రింద, సంతానము గోరి మ్రొక్కుకొను దంపతులు నేటికిని గానవత్తురు. ఇంటి ఆడబిడ్డ కన్నుమూసిన పిమ్మట వేలుపై పూజ లందుకొనుట తెలుగునాట పలుచోట్ల గలదు. బ్రదికియున్న ఆడబిడ్డకు ఇంటి పెద్దరికములో పాలెంత యను ప్రశ్న మాత్రము వేఱు. సామాన్యుల యిండ్లలో నా ప్రశ్న గడప దాటి వినబడదు. రాచయిండ్లలో బుట్టినప్పుడు న్యాయస్థానము లెక్కి లోకమెల్ల నెఱుగును.

1565లో తళ్ళికోట యుద్ధమున నోటమి కలిగిన పిదప తిరుమలరాయలు రాజధానిని మన పెనుగొండకు మార్చెను. ఆ విజయనగర ప్రభువుల వైభవమునకు నేడచ్చట మిగిలిన సాక్ష్యములు కోటగోడలును, గగనమహలును. వారసత్వపు తగవు పడుటకు గద్దెయే లేదు. ఉత్తరాంధ్రమందలి విజయనగరము సంగతి యట్లు గాదు. పూసపాటి గజపతుల సంస్థానము జమీందారీల రద్దుతో గతించినను, కుటుంబము నిలిచినది, కోట నిలిచినది, వానితో బాటు ఊరి జనుల భక్తిగౌరవములును నిలిచినవి.

ఈ వంశమును కేవలము పూర్వాచారపరాయణ మనుట న్యాయము గాదు. కన్యాశుల్కమును రచించి సాంఘిక దురాచారమును రంగస్థల మెక్కించిన గురజాడ అప్పారావునకు ఆశ్రయ మిచ్చినది ఆనందగజపతి. 1919లో వెలసిన సంగీత కళాశాలకు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుడు. ఇరువదవ శతాబ్దిలో పి.వి.జి. రాజు మఱింత ముందునకు నడిచి, రాచబిడ్డయై యుండియు సోషలిస్టు మార్గము నవలంబించి, 1958లో తండ్రి పేర ‘మాన్సాస్’ అను విద్యాధర్మసంస్థను నెలకొల్పి, తాతముత్తాతల కోటను సైతము విద్యార్థుల కొప్పగించెను. రాజులు విహరించిన చోట పేదబిడ్డలు పాఠములు చదువునట్లు చేసిన యీ కార్యమును మించిన యాధునికత్వము ఏ సంస్థానమునందైన నరుదు. అట్టి మహాశయుడు వ్రాసిన ధర్మపత్రమునందే, సంస్థకు పెద్దరికము వంశమున జ్యేష్ఠుడైన పురుషునకు సంక్రమింపవలె నను నిబంధన యుండుట విచిత్రము.

ఈ విచిత్రము యొక్క లోతు తెలియవలె నన్నచో, దసరా వెళ్ళిన పిమ్మట వచ్చు మంగళవారమున విజయనగరము వీథులలో నిలిచి చూడవలెను. ఏబది అరువది అడుగుల చింతమాను చివర బిగించిన పీటపై పూజారి కూర్చుండగా, ముందు పాలధార, జాలరివల, అంజలిరథము, తెల్లయేనుగు నడువగా, జనులు అరటిపండ్లు విసరి మ్రొక్కుకొనుచుండగా, ఆ సిరిమాను పైడితల్లి గుడినుండి కోటదాక ముమ్మారు తిరుగును. కోట బురుజుపై ఆసీనులైన రాజకుటుంబమువారు అమ్మవారి యాశీస్సు లందుకొందురు. ఆ పైడితల్లి యెవరు? 1757 బొబ్బిలి యుద్ధము పిమ్మట హతుడైన యీ వంశపు ప్రభువు విజయరామరాజునకు ఆమె చెల్లెలనియు, యుద్ధము వలదని వారించినదనియు, అన్న మరణవార్త విని పెద్దచెరువున దేహము చాలించినదనియు స్థలకథ చెప్పును. ఆడపడుచు మాట నాడు విన్నవారు లేరు. నాటినుండి నేటివఱకు ఆమెకు తల వంచనివారును లేరు.

2016లో పి.వి.జి. రాజు పెద్దకుమారుడును, మాన్సాస్ అధ్యక్షుడును అగు ఆనంద గజపతిరాజు మరణించెను. ఆయనకు కుమార్తెలే గాని కుమారులు లేరు. కావున పెద్దరికము తమ్ముడైన అశోక్ గజపతిరాజునకు వచ్చినది. 2020 మార్చిలో రాష్ట్రప్రభుత్వ ముత్తర్వు జారీచేసి, అన్నగారి కుమార్తె సంచయితా గజపతిరాజును అధ్యక్షురాలిగ నియమించెను. ఆడబిడ్డకు తండ్రి స్థానము దక్కెనని కొందఱును, కుటుంబధర్మములో రాజకీయము చొరబడెనని కొందఱును వాదులాడిరి. 2021 జూన్‌లో హైకోర్టు ఆ యుత్తర్వును గొట్టివేయగా పినతండ్రి మరల అధ్యక్షుడయ్యెను.

అచ్చముగ నిట్టి తగవే సముద్రముల కవతల, దక్షిణాఫ్రికాలోని లింపోపో సీమయందు, వలోయి యను తెగ రాజకుటుంబమున బుట్టినది. వారి యధిపతిని హోసి యందురు. 1968లో హోసి ఫొఫోజా మరణింపగా, ఆయనకు కుమారులు లేనందునను, ఆడువారి కాధిపత్యము లేదను నాటి యాచారమునుబట్టియు, కుమార్తె ఫిలియాను దాటి తమ్ముడు రిచర్డు గద్దె నెక్కెను. కాలము మాఱినది, దక్షిణాఫ్రికాకు స్త్రీపురుష సమానతను జాటు రాజ్యాంగము వచ్చినది. అప్పుడు రాజకుటుంబ పెద్దలే సభ దీరి, నాడు ఫిలియాకు దక్కని గద్దె ఇక నామెకే చెందవలెనని తీర్మానించిరి. 2001లో రిచర్డు మరణింపగా ఆయన కుమారుడు వ్యాజ్యము వేసెను. 2008లో రాజ్యాంగ న్యాయస్థానము ఫిలియా షిలుబానా పక్షమున దీర్పు చెప్పుచు, ఆచారమును గాలానుగుణముగ దిద్దుకొను నధికారము ఆ యాచారమును పాటించువారికి కలదని నిర్ణయించెను.

రెండు కథలను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో మన సామాన్యాభిప్రాయమొకటి తలక్రిందులగును. ఆచారము బండఱాయి, ఆధునిక శాసనము ప్రవాహము అని మన మనుకొందుము. కాని వలోయివారి యాచారము పెద్దల నోట నుండెను గనుక పెద్దలు నోరు విప్పగానే మాఱినది. విజయనగరమున దస్తావేజు వ్రాసి ముద్ర వేసిన మాట, వ్రాసినవాని యనంతరమును నిబంధనయై నిలిచినది. మఱియొక భేదమును గలదు. అచ్చట మార్పు కుటుంబము లోపలినుండి వచ్చినది. ఇచ్చట వెలుపలినుండి, ఒక యుత్తర్వు రూపమున వచ్చినది. ఎంత మంచి ధర్మమైనను, దానిని పాటింపవలసినవారిని గాదని పైనుండి దింపినప్పుడు స్థిరపడదు.

హిందూ కుటుంబముల యుమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగ జన్మహక్కు నిచ్చిన శాసనము మన యాంధ్రరాష్ట్రమున 1986లోనే వచ్చినది. దేశమంతటికి 2005లో గాని రాలేదు. ఆస్తి విషయమున నింత ముందు నడిచిన మనము, గుడికో బడికో సత్రమునకో ధర్మపత్రము వ్రాయుచోట మాత్రము ‘జ్యేష్ఠపుత్రుడు’ అను మాటను ఆలోచింపకయే వ్రాసివైతుము. అట్టి పత్రమును నేడు వ్రాయింపబోవు పెద్దలారా, వ్రాయించి ముగించిన పిదప దానిని మార్చుట మీ బిడ్డల తరము గాకపోవచ్చును. చేతిలో కలమున్నప్పుడే ‘సంతానములో బెద్దవారు’ అని వ్రాయుడు.