చింతపండుతో తోమితే నాణెం విలువ గోవిందా!
పాత రాగి డబ్బులున్న వారు మోసపోకుండా తెలుసుకోవలసిన సంగతులు

సికింద్రాబాదు: ఇల్లు పడగొట్టినప్పుడో, అటక దులిపినప్పుడో, అవ్వల నాటి సందుగ తెరిచినప్పుడో నాలుగు రాగి నాణేలు బయటపడడం పల్లెల్లో మామూలే. వెంటనే ఇంట్లో ఎవరో ఒకరు వాటిని చింతపండు పులుసులో వేసి పీచుతో తళతళలాడేటట్లు తోముతారు. దేవుడి ముందు పెట్టుకునేందుకైతే ఇబ్బంది లేదు. అమ్ముకుందామనుకుంటే మాత్రం వాటి విలువ ఆ పులుసుతోనే కొట్టుకుపోయినట్లు లెక్క.

లష్కరులో రెండు రకాల డబ్బు

సికింద్రాబాదు చుట్టుపక్కల ఊళ్లలో రెండు రకాల పాత నాణేలు దొరకడానికి కారణం ఉంది. 1806లో నిజాం సికందర్ జా పేరిట వెలిసిన ఈ ఊరు ఇంగ్లీషు దండుకు నిలయం. దండులో ఇంగ్లీషు వారి ‘కల్దారు’ చెల్లేది. హుసేన్ సాగర్ అవతల నిజాం గారి ‘హాలీ సిక్కా’ నడిచేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలు వచ్చేవి. కూరగాయలు, కట్టెలు, పాలు అమ్ముకోవడానికి వచ్చిన రైతుల మూటల్లోకి రెండూ చేరాయి.

అసలు ‘డబ్బు’ అన్న మాటే ఒకప్పుడు రాగి నాణెం పేరు. సైఫాబాదులో 1903లో యంత్రాల టంకశాల ఏర్పడక ముందు నిజాం రాజ్యపు రాగి డబ్బులు చాలా కాలం సమ్మెట దెబ్బతోనే తయారయ్యాయి. అందుకే అవి మందంగా, వంకరటింకరగా ఉంటాయి. అక్షరాలు సగమే పడి ఉంటాయి. అది లోపం కాదు, నకిలీ అనడానికి గుర్తూ కాదు. చేతి పనికి అది సహజం.

రంగే సాక్షి

రాగి చాలా ఏళ్లు గాలి తగిలితే గోధుమ రంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. ఆ సన్నని పొరే లోపలి లోహానికి కవచం. నాణెం నిజంగా పాతదని చెప్పే సాక్షి కూడా అదే. చింతపండు, నిమ్మ ఉప్పు, ఇటుక పొడి ఈ పొరను తినేస్తాయి. అప్పుడు నాణెం పచ్చి రాగిలా ఎర్రగా కనిపిస్తుంది. భూతద్దంలో చూస్తే సన్నని గీతలు కనిపిస్తాయి. పోయిన పొర మళ్లీ రాదు.

అమెరికాలో 1793 నుంచి 1857 వరకు ముద్రించిన పెద్ద రాగి సెంట్ల విషయంలోనూ ఇదే పద్ధతి. మెరుగు పెట్టిన నాణెం కంటే ముట్టుకోకుండా వదిలేసిన గోధుమ రంగు నాణేనికే అక్కడ గిరాకీ. ఆ సెంట్ల నాణ్యత కొలవడానికి షెల్డన్ అనే ఆయన 1949లో 70 మార్కుల లెక్క పెట్టారు. నేడు లోకమంతటా నాణేలకు వేసే మార్కులకు అదే మూలం. ఆ సెంట్ల కోసం రాగి బిళ్లలు పంపిన వారిలో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌కు చెందిన బోల్టన్ ఒకరు. మన మద్రాసు రాజధానికి 1803, 1808 సంవత్సరాల కాసులు ముద్రించి పంపింది కూడా ఆ బోల్టన్ కర్మాగారమే.

అసలా, నకిలీనా?

మొదట తూకం వేయాలి. కంపెనీ వారి 1835 నాటి కానీ, అంటే పావు అణా, సుమారు ఆరున్నర గ్రాములు తూగాలి. అరిగితే కాస్త తగ్గవచ్చు గాని పెరగదు. తర్వాత అంచు చూడాలి. మూసలో పోసిన నకిలీకి అంచు చుట్టూ అతుకు గీత, ముఖం మీద సూది మొన లాంటి గుంటలు ఉంటాయి. అక్షరాలు కరిగిన సబ్బులా మొద్దుబారి ఉంటాయి. నిజంగా అరిగిన నాణేనికి ఎత్తుగా ఉన్న చోట్లే ముందు అరుగుతాయి, పల్లంలో అక్షరం నిలుస్తుంది.

ఒక వైపు శ్రీరామ పట్టాభిషేకమో, ఆంజనేయుడో, ఇంకో వైపు ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉన్న రాగి బిళ్లలు తిరునాళ్లలో కనిపిస్తుంటాయి. కంపెనీ వారు అటువంటి రాగి నాణెం ఎన్నడూ ముద్రించలేదు. మద్రాసు టంకశాలలో దేవుడి బొమ్మతో చిన్న బంగారు వరహాలు వచ్చాయి. ఈ బిళ్లలు పూజకు పనికివస్తాయి గాని నాణేలు కావు.

పాతదైనంత మాత్రాన ధర పలుకుతుందనుకోవడమూ పొరపాటే. 1835 నాటి కానీలు, 1943 నుంచి 1947 వరకు వచ్చిన చిల్లు కానీలు లెక్కలేనన్ని తయారయ్యాయి. అరిగిన వాటికి పెద్ద ధర రాదు.

బియ్యం లాగే నాణెమట!

అన్నింటికన్నా ప్రమాదం ‘రైస్ పుల్లింగ్’ ముఠాలతో. పిడుగు పడి మహత్తు వచ్చిన రాగి నాణెమనీ, బియ్యపు గింజలను లాక్కుంటుందనీ, విదేశాల వారు కోట్లు ఇస్తారనీ నమ్మిస్తారు. ‘పరీక్ష’ ఖర్చుల పేరిట లక్షలు గుంజుతారు. రాగికి గాని, బియ్యానికి గాని అయస్కాంత గుణం లేదు. గింజలకు ఇనుప రజను పట్టించి, నాణెం కింద అయస్కాంతం దాచి ఆడే నాటకమిది. ఇందుకోసం భూములు అమ్ముకున్న వారున్నారు.

పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి రుసుములు అడిగే వారిని నమ్మవద్దని ఆ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మనకు డబ్బు ఇస్తాడు, మన దగ్గర ముందుగా తీసుకోడు.

ఏం చేయాలి?

నాణేన్ని అంచులతో పట్టుకోవాలి. వేళ్ల చెమట రాగికి పడదు. మట్టి అంటి ఉంటే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి. పొడిలా రాలే లేత పచ్చ చిలుము కనిపిస్తే ఆ నాణేన్ని మిగతా వాటి నుంచి వేరు చేయాలి. ఒక్కొక్కటీ విడిగా కాగితపు కవరులో వేసి తడి లేని చోట ఉంచాలి.

పొలం దున్నుతుండగా నాణేల కుండ దొరికితే దాచుకోరాదు. అధికారులకు తెలియజేయడం చట్టరీత్యా తప్పనిసరి. కోటిలింగాలలో దొరికిన నాణేల వల్లనే తొలి శాతవాహనుల చరిత్ర ఎంతో వెలుగులోకి వచ్చింది.

అసలు నాణెం ఎలా ఉంటుందో కళ్లారా చూడాలనుకునే వారికి సైఫాబాదు టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం ఉంది. పట్నం పని మీద వచ్చినప్పుడు ఒక పూట అక్కడ గడిపితే మోసగాళ్ల మాటలకు లొంగే అవసరం రాదు. అంతవరకు చింతపండును చారుకే వాడుకోవడం మేలు.