జీపు సరే, జీతం మాటేమిటి?

పులుల సంరక్షణకు ఫలానా కంపెనీ సాయం అన్న వార్తతో పాటు తరచూ ఒకే రకం ఫొటో వస్తుంది: కొత్త జీపు, రిబ్బన్, తాళంచెవి అందిస్తున్న చేతులు. జీపు అవసరమే. కానీ వచ్చే ఏడాది దానికి డీజిల్ ఎవరు పోయిస్తారు? అందులో తిరిగే వాచర్‌కు జీతం ఎవరిస్తారు?

ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూద్దాం. 2013 కంపెనీల చట్టం ప్రకారం నికర లాభం 5 కోట్లు లేదా టర్నోవర్ 1,000 కోట్లు లేదా నికర విలువ 500 కోట్లకు చేరిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. వన్యప్రాణుల రక్షణ కూడా ఆ పద్దులోకే వస్తుంది. అయితే తాము పనిచేసే ప్రాంతానికే ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం అంటోంది. పెద్ద కంపెనీలేమో నగరాల్లో, పులులేమో నల్లమలలో, కవ్వాల్‌లో. పైగా కొనసాగే ప్రాజెక్టుకైనా, మొదలైన ఏడాదిని మినహాయిస్తే మూడేళ్లే గడువు.

అడవి పని అలా మూడేళ్లలో తీరేది కాదు. నల్లమలలోని అమ్రాబాద్ పులుల రిజర్వులో ఎండలు ముదిరితే జంతువులు తాగే సాసర్ నీటి తొట్లను నింపాలి, మంట పాకకుండా ఫైర్ లైన్లు శుభ్రం చేయాలి. బేస్ క్యాంపుల్లో ఉండే వాచర్లు, వాళ్లలో చాలామంది చెంచులు, కాలినడకన గస్తీ తిరగాలి. ఏటా ఇదే పని, ఏటా ఇదే ఖర్చు. నా లెక్కలో పులిని కాపాడుతున్నది ప్రధానంగా ఈ ఖర్చే.

రిజర్వు హద్దు దాటితే సమస్య ఇంకా పదునుగా కనిపిస్తుంది. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో రోజుల తేడాతో రెండు పులులు చనిపోయాయి. పులి చంపిన పశువు కళేబరంలో విషం కలిపారని దర్యాప్తులో తేలింది. మహారాష్ట్ర నుంచి పులులు వచ్చే దారి ఈ అడవే. ఆవు పోయిన రైతుకు పరిహారం వెంటనే చేతికందితే పులి మీద అతని కోపం సగం చల్లారుతుంది. ప్రభుత్వ సొమ్ము వచ్చేలోపు అలాంటి రైతుకు ఇచ్చేందుకు ఒక అత్యవసర నిధి కావాలి. కంపెనీలు చేయదగ్గ పని ఇది.

కంపెనీల ఆసక్తి మీదే ఆధారపడితే ఏమవుతుందో చూశాం. 2010లో మొబైల్ కంపెనీ ఎయిర్‌సెల్, దేశంలో మిగిలిన పులులు 1,411 మాత్రమే అంటూ ఆ అంకెను దేశమంతా మోగించింది. పులి గురించి ఇంటింటా మాట్లాడుకున్నారు, అది గొప్ప మేలే. 2018లో ఆ కంపెనీయే దివాలా తీసింది.

అందుకే 2006లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి తెచ్చిన పులుల సంరక్షణ ఫౌండేషన్లు నాకు ముఖ్యంగా కనిపిస్తాయి. విరాళాలు తీసుకుని ఆ రిజర్వుకే వాడే సంస్థలివి. వీటిలో మూలనిధి పెట్టి, వడ్డీతో జీతాలు నడిపితే కంపెనీ ఉన్నా పోయినా గస్తీ ఆగదు. కానీ 2021 నుంచి మూలనిధికి ఇచ్చే సొమ్మును సామాజిక బాధ్యత ఖర్చుగా లెక్కించడం లేదు. దుర్వినియోగం జరుగుతుందన్న భయం ఉంటే ఆడిట్ గట్టిగా చేయించాలి. ప్రభుత్వ ఆధ్వర్యంలో నడిచే ఈ ఫౌండేషన్లకైనా కేంద్రం మినహాయింపు ఇవ్వాలి.