కొస కుళాయిలో క్లోరిన్ ఉందా?

శ్రావణమాసం వస్తే చక్రాయపేట మండలంలోని గండి వీరాంజనేయస్వామి క్షేత్రం జనంతో నిండిపోతుంది. పాపాఘ్ని నది ఒడ్డు, వానాకాలం, వేలమంది ఒకేచోట తాగే నీళ్లు. కలరాలాంటి రోగాలు పాకడానికి ఇంతకన్నా అనువైన సమయం ఉండదు. జాతర ఏర్పాట్లనగానే వైద్య శిబిరం, అంబులెన్సు గుర్తొస్తాయి. అవి కావాల్సిందే. కానీ రోగి మంచం పట్టాక మొదలయ్యే పని నివారణ కాదు. కలరాను ముందే ఆపగలిగేది 0.2 అనే చిన్న అంకె. దాన్ని రోజూ కొలవడమే మొదటి పని కావాలన్నది ఈ కథనం వాదన.

క్లోరిన్ కలిపిన తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలనీ, దాన్ని వాడకందారు కుళాయి దగ్గరే కొలవాలనీ భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెబుతోంది. మన ఊళ్లలో నీళ్లు రోజంతా రావు. సరఫరా ఆగాక పైపులో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి పక్క కాలువ మురుగు లోపలికి చొరబడుతుంది. ఆ మురుగే క్లోరిన్‌ను మింగేస్తుంది. అందుకే ట్యాంకు దగ్గర క్లోరిన్ ఉండి, వీధి చివర లేకపోతే మధ్యలో ఎక్కడో పైపు పగిలిందని అనుమానించాలి. తొలి రోగి ఆస్పత్రికి రాకముందే అందే హెచ్చరిక ఇది. ఎన్ని కిలోల బ్లీచింగ్ పౌడర్ కలిపారో రిజిస్టర్‌లో రాస్తే అది రుజువు కాదు. సంచి విప్పి ఉంచితే గాలికి, తేమకు పౌడర్ పస పోతుంది. క్లోరిన్ కొలిచే పరికరం క్లోరోస్కోపులో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే తేలే పసుపు రంగే రుజువు.

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలరా ప్రాణాలు తీసింది. 2018 మార్చిలో గుంటూరులో అతిసారం ప్రబలింది. రెండుచోట్లా తాగునీటి పైపుల్లో మురుగు కలిసింది. రెండూ పెద్ద ఆస్పత్రులున్న నగరాలే, అయినా రోగం ఆగలేదు.

కలరాకు టీకా ఉంది కదా అనొచ్చు. హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసిన నోటి టీకా ‘శాంకోల్’కు 2009లో అనుమతి వచ్చింది. భారత్ బయోటెక్ 2024లో ‘హిల్‌కోల్’ తెచ్చింది. రెండూ తెలుగు నేల గర్వించాల్సినవే. కానీ టీకా వేసిన రోజే రక్షణ రాదు, పగిలిన పైపూ అతకదు. పైగా కొరత వల్ల 2022 అక్టోబరు నుంచి కలరా వ్యాప్తి చెందినచోట్ల రెండు డోసుల బదులు ఒక్కటే వేయాల్సి వచ్చింది. క్యాను నీళ్లు కొంటున్నామనే మాటా ఉంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఆర్‌ఓ నీళ్లు మేలే. అయితే శుద్ధిలో క్లోరిన్ కూడా పోతుంది కాబట్టి, క్యానులో చెయ్యో, గ్లాసో ముంచాక ఆ నీటికి కాపలా లేదు. క్లోరిన్ వాసన నచ్చనివారు కాచి చల్లార్చిన నీళ్లు తాగొచ్చు. వాసన పేరుతో ఊరంతటి రక్షణనూ తీసేయమనడం మాత్రం తగదు.

కలరా గురించిన అవగాహన ఒక్కరోజులో రాలేదు. కలరా నీటి ద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లో చూపాడు. రాబర్ట్ కోచ్ 1884లో కలకత్తాలో దాని క్రిమిని నిర్ధారించాడు. శంభునాథ్ డే 1959లో ఆ క్రిమి విడుదల చేసే విషాన్ని కనుగొన్నాడు. 1971లో శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లతో వేలమందిని కాపాడాడు.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి
• గంజినీళ్లలా విరేచనాలైతే ఆలస్యం చేయొద్దు. వైద్యం అందకపోతే తీవ్ర కలరా గంటల్లో ప్రాణం తీస్తుంది. సకాలంలో అందితే మరణాలు నూటికి ఒకటికన్నా తక్కువ.
• ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి తాగించాలి. చెంచా అంటే టీ చెంచా, తల గొట్టి కొలవాలి.
• పసిబిడ్డకు తల్లిపాలు ఆపొద్దు.
• మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడగాలి.

ప్రతి పంచాయతీ కొస కుళాయి దగ్గర రోజూ క్లోరిన్ కొలిచి, ఆ అంకెను అందరికీ కనిపించేలా బోర్డు మీద రాయాలి. గండిలో భక్తులకు నీళ్లిచ్చే ప్రతి ట్యాంకు దగ్గరా అదే జరగాలి. అంకె 0.2 కన్నా తగ్గితే ఆ పూటే పైపు వెతికి బాగుచేయాలి. మీ వీధి అంకె ఎంతో రేపే పంచాయతీలో అడగండి.