పాడైన టీవీ రికార్డింగును తిరగరాయకుండానే బాగుచేసుకోవచ్చు

మన పెద్దల కాలంలో పాత కితాబులకు ఇళ్ళలో ఒక మర్యాద ఉండేది. చెదలు తిన్న పుటకు వెనుక సన్నని కాగితం అతికించేవారు. ఊడిన పుటను దాని స్థానంలో పెట్టి కుట్టేవారు. అక్షరాన్ని మాత్రం ముట్టుకునేవారు కాదు. కాతిబు ఎంత నేర్పరి అయినా, తిరిగి రాసేటప్పుడు ఎక్కడో ఒక చుక్క జారిపోతుందని వారికి తెలుసు. అరబ్బీ లిపిలో ‘బే’, ‘తే’, ‘సే’ అక్షరాల ఆకారం ఒక్కటే. చుక్కలే వాటిని వేరుచేస్తాయి. చుక్క జారితే మాటే మారిపోతుంది. అందుకే నకలు రాసిన తర్వాత అసలు ప్రతిని పక్కన పెట్టుకుని పోల్చి చూడడాన్ని కూడా చదువులో భాగంగానే భావించేవారు.

నేడు మన ఇళ్ళలో ఆ కితాబుల పక్కకు పెన్‌డ్రైవులు వచ్చి చేరాయి. టీవీలో వచ్చిన ముషాయిరా, కుటుంబంలో ఎవరో పాల్గొన్న చర్చ, పిల్లవాడు పాడిన నాత్, హజ్ రోజుల ప్రత్యక్ష ప్రసారం ఇలా ఎన్నో వాటిలో దాచుకుంటున్నాం. దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్ ప్రసారాలను అందుకునే సెట్‌టాప్ బాక్సులు చాలా వాటికి పెన్‌డ్రైవు పెట్టి రికార్డు చేసుకునే వీలుంది. అయితే తీరా వేసి చూసేసరికి బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోవడం, మాట ముందు వచ్చి పెదవులు తర్వాత కదలడం, గంట కార్యక్రమాన్ని ఇరవై ఆరు గంటలుగా చూపించడం చాలామందికి అనుభవమే. అలాంటప్పుడు వెంటనే ఎవరో ఒకరు ‘కన్వర్టు చేయిద్దాం’ అంటారు. పాఠకులు జాగ్రత్త పడవలసింది సరిగ్గా అక్కడే.

వాన చేసే నష్టం

ఫ్రీ డిష్ ప్రసారం జీశాట్-15 అనే ఉపగ్రహం నుంచి వస్తుంది. 2015 నవంబరులో ప్రయోగించిన ఈ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. అది పంపే కేయూ బ్యాండు తరంగాలను వాన చినుకులు పీల్చుకుంటాయి. గోదావరి డెల్టాలో వర్షాకాలపు మబ్బు ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చిన్నపాటి నష్టాన్ని బాక్సే సరిచేసుకుంటుంది. డీవీబీ-ఎస్ పద్ధతిలో 188 బైట్ల ప్రతి ముక్కకూ 16 బైట్ల రక్షణ సమాచారం జతచేసి పంపుతారు. దాని సాయంతో ఒక్కో ముక్కలో 8 బైట్ల వరకూ తప్పులను దిద్దుకోవచ్చు. వాన జోరు హెచ్చి తప్పులు అంతకు మించితే ఆ ముక్క చెడినట్టే. ఇక కరెంటు పోయినా, డిష్ గాలికి కదిలినా చెప్పేదేముంది!

గూడ్సు బండి లెక్క

రికార్డయిన ఫైలును గూడ్సు బండితో పోల్చుకోవచ్చు. కొవ్వూరు, రాజమండ్రి మధ్య వంతెన మీద గూడ్సు వెళుతుంటే పిల్లలు పెట్టెలు లెక్కపెడతారు కదా! ఈ బండిలో పెట్టెలన్నీ ఒకే కొలతవి, ఒక్కొక్కటి 188 బైట్లు. ప్రతి పెట్టె మొదట్లోనూ 71 అనే ఒకే గుర్తు ఉంటుంది. ఆ తర్వాత, లోపల ఉన్నది బొమ్మా, శబ్దమా, పట్టికా అని తెలిపే చిరునామా ఉంటుంది. దానితోపాటు 0 నుంచి 15 వరకూ తిరిగే వరుస సంఖ్య ఒకటి ఉంటుంది. 7 తర్వాత 9 వచ్చిందంటే మధ్యలో పెట్టె పోయిందని కంప్యూటరు ఇట్టే పసిగడుతుంది.

కాలం లెక్క కూడా ఆ పెట్టెల్లోనే ఉంటుంది. ఏ బొమ్మను, ఏ శబ్దాన్ని ఏ క్షణంలో చూపాలో సెకనుకు 90,000 వంతుల గడియారం చెబుతుంది. ఆ గడియారం సుమారు 26న్నర గంటలకు ఒకసారి తిరిగి సున్నాకు వస్తుంది. మన రికార్డింగు సరిగ్గా ఆ సమయంలో జరిగిందనుకోండి, కొన్ని ప్లేయర్లు తికమకపడి తప్పుడు నిడివి చూపిస్తాయి. ఇక్కడ బొమ్మకు వచ్చిన లోటేమీ లేదు. గడియారం ముల్లు సరిచేస్తే చాలు.

మాట, పెదవి కలవకపోవడానికి కారణమూ ఇలాంటిదే. మన టీవీ బొమ్మ ఒక్కొక్కటి 40 మిల్లీసెకన్లు ఉంటుంది. ఎంపెగ్ రెండో పొర శబ్దపు ముక్క 24 మిల్లీసెకన్లు ఉంటుంది. వానలో 40 శబ్దపు ముక్కలు పోయాయంటే దాదాపు ఒక సెకను పోయినట్టు. ఆ ఖాళీని అలాగే వదిలి మిగిలినవి దగ్గరకు జరిపితే, అక్కడినుంచి చివరిదాకా మాట ఒక సెకను ముందుంటుంది. పోయినంత మేరా నిశ్శబ్దం నింపితే మాట మళ్ళీ పెదవి మీదకు వస్తుంది.

జాడీ మార్చడం వేరు, మళ్ళీ వండడం వేరు

పైన చెప్పిన మరమ్మతుల్లో దేనికీ బొమ్మను తిరిగి తయారుచేయనక్కరలేదు. చెడిన పెట్టె తీసేయడం, గడియారం దిద్దడం, ఖాళీలో నిశ్శబ్దం పెట్టడం, అంతే. ఆవకాయను ఒక జాడీలోంచి మరో జాడీలోకి మారిస్తే రుచి మారదు. దుకాణాల్లో ‘కన్వర్టు’ పేరిట జరిగేది చాలాసార్లు జాడీ మార్చడం కాదు, మళ్ళీ వండడం. బొమ్మను విప్పి, కొత్తగా కుదించి రాస్తారు. అలా రాసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది, పోయినది తిరిగి రాదు. పాత పద్ధతి టీవీ బొమ్మలో సెకనుకు 50 అర బొమ్మలు ఉంటాయి. తొందరపడి మార్చేటప్పుడు వాటిలో సగం పారవేస్తారు. అప్పుడు తెర మీది నస్తాలీఖ్ అక్షరాల చుక్కలు, తెలుగు ఒత్తులు అలుక్కుపోతాయి. వెనుకటి కాతిబు తప్పే ఇక్కడ యంత్రం చేస్తుంది.

కోయడంలోనూ ఒక నియమం ఉంది. అన్ని బొమ్మలూ పూర్తి బొమ్మలు కావు. ఒక పూర్తి బొమ్మ వచ్చిన తర్వాత, దానికీ తర్వాతివాటికీ ఉన్న తేడాలను మాత్రమే రాస్తారు. ఎంపెగ్-2లో సాధారణంగా అర సెకను అటూ ఇటూగా మళ్ళీ పూర్తి బొమ్మ వస్తుంది. ఎంపెగ్-4లో ఈ దూరం ఇంకా ఎక్కువ ఉండవచ్చు. మన కాలువల్లో పడవ నీటిమట్టం మార్చుకోవాలంటే లాకుల దగ్గరే ఆగాలి కదా! అలాగే పూర్తి బొమ్మ దగ్గర కోస్తేనే తర్వాతి భాగం శుభ్రంగా మొదలవుతుంది. మధ్యలో కోస్తే మొదట కాసేపు గళ్ళు కనిపిస్తాయి. సరిగ్గా అనుకున్న బొమ్మ దగ్గరే కోయాలంటే, ఆ కోత చుట్టూ ఉన్న కొద్ది బొమ్మలను మాత్రమే తిరిగి రాసి, మిగిలినదంతా ఉన్నదున్నట్టు ఉంచే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డీవీబీకట్ అటువంటిదే.

మూడు సెకన్లు

2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ రోజుల్లోనే మాకు తెలిసిన ఒక ఇంట్లో, ఇంటి పెద్ద షేర్లు చదివిన పది నిమిషాల కార్యక్రమాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించుకున్నారు. వాన వల్ల రికార్డింగు నాలుగు చోట్ల తెగింది. కొన్ని నెలలకు ఆయన ఇంతిఖాల్ అయ్యారు. ఆ గొంతు మరెక్కడా లేదు. ఒక దుకాణంలో దాన్ని మార్చి ఇస్తామని, పాత ఫైలు చెరిపేసి అదే పెన్‌డ్రైవులో వేస్తామని అన్నారట. ఆమె ఆ మాట చెప్పి, “బొమ్మ ఎలా ఉన్నా ఫరవాలేదు మాస్టారూ, ఆయన మాట వినబడితే చాలు” అన్నారు. “ఆపా, ముందు అది ఎవరికీ ఇవ్వకండి” అన్నాము.

నకలు తీసి, నకలు మీదే మరమ్మతు చేయించాము. గడియారం దిద్దడంతో మాట, పెదవి కలిశాయి. నాలుగు కోతల్లో కలిపి సుమారు మూడు సెకన్ల మాట మాత్రం రాలేదు. ఒక షేర్ రెండో మిస్రాలో రెండు పదాలు లేవు. అక్కడ నిశ్శబ్దమే ఉంచాము. ఆ పదాలు ఆమెకు కంఠస్థం. రికార్డింగు అక్కడికి వచ్చినప్పుడు ఆమే చదివి పూర్తిచేశారు. ప్రసారంలో పోయినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తీసుకురాలేదు. ఉన్నది మాత్రం పోకుండా కాపాడుకోవచ్చు.

ఇంట్లో చేసుకునే వరుస

మొదట అసలు ఫైలును మరో రెండు చోట్ల నకలు తీయండి. అసలు దాని మీద చేయి వేయకండి. నకలు తీయడం వల్ల డిజిటల్ ఫైలుకు ఏ నష్టమూ లేదు.

రెండవది, రికార్డింగు ముక్కలుగా ఉంటే కంగారు పడకండి. పెన్‌డ్రైవు ఎఫ్‌ఏటీ-32 పద్ధతిలో ఉంటే ఒక ఫైలు 4 గిగాబైట్లు మించదు. కనుక బాక్సు దాన్ని విడగొడుతుంది. అవి టీఎస్ ఫైళ్ళయితే వరుసగా చేర్చితే సరిపోతుంది. కరెంటు పోయినా టీఎస్ ఫైలులో అప్పటిదాకా రాసినది సాధారణంగా నిలుస్తుంది. మామూలు ఎంపీ4 ఫైలుకు విషయసూచిక చివరన రాస్తారు కాబట్టి, మధ్యలో ఆగితే అసలు తెరుచుకోకపోవచ్చు.

మూడవది, ముందు మరమ్మతు, తర్వాతే కోత. ఎంపెగ్-2 రికార్డింగులకు ప్రాజెక్ట్ఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. ఎంపెగ్-4 ఛానళ్ళకు అది పనికిరాదు, వాటికి టీఎస్ డాక్టర్ వంటివి ఉన్నాయి. ఫాబ్రిస్ బెల్లార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా ఉచితమే. దానిలోనూ, ఎవిడెమక్స్‌లోనూ ‘కాపీ’ అనే మాట ఎంచుకుంటే బొమ్మను తిరగరాయదు. లాస్‌లెస్‌కట్ కూడా అదే దారిలో కోస్తుంది. పనిచేసేవారు వేరొకరైతే “కాపీ పద్ధతిలోనే చేయండి” అని స్పష్టంగా అడగండి. గంట కార్యక్రమం నిమిషాల్లో పూర్తయితే మంచి గుర్తు. గంటసేపు తిరుగుతుంటే మళ్ళీ వండుతున్నారేమో అడిగి చూడండి.

నాలుగవది, పూర్తయిన ప్రతిని మొదట, మధ్య, చివర మూడు చోట్లా అసలుతో పోల్చి వినండి. ఆ తర్వాత కూడా అసలు ఫైలును చెరపకండి. ఇంతకంటే మంచి పనిముట్టు రేపు రావచ్చు.

ఒక హెచ్చరిక. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సులలో చేసిన రికార్డింగులకు తాళం ఉంటుంది. అవి ఆ బాక్సులోనే ఆడతాయి, వాటికి ఈ పద్ధతులు వర్తించవు. ఉచిత ప్రసారాన్నయినా ఇంటివరకూ దాచుకోవడం వేరు, అమ్ముకోవడం వేరు. ప్రసారం మీద హక్కు దాని సొంతదారులదే.

మన ఇళ్ళలో పెద్దల గొంతులు మన దగ్గర అమానత్‌గా ఉన్నాయి. ఈ జుమా సెలవు వేళ డ్రాయరులో పడి ఉన్న పెన్‌డ్రైవును తీసి, మరో చోట ఒక నకలు చేసిపెట్టండి. మరమ్మతు తీరికగా చేసుకోవచ్చు. నకలు మాత్రం రేపటికి వాయిదా వేయకండి.