మొటిమలకు మెస్‌లోనే మందుందా?

డిగ్రీ అయిపోయింది. దవడల వెంట, గడ్డం కింద మొటిమలు మాత్రం అయిపోలేదు. ‘ఆ వయసు దాటితే అవే పోతాయిలే’ అని ఇంట్లో పెద్దవాళ్లు అన్న మాట నమ్ముకుని పాతికేళ్ల దగ్గరికి వచ్చేశారు. ఇప్పుడేమో దరఖాస్తుకు కొత్త ఫొటో కావాలి. వీడియో ఇంటర్వ్యూలో ఎదుటివాళ్ల కంటే మీ ముఖమే మీకు పెద్దగా కనిపిస్తుంది. ఫోను తెరిస్తే సలహాలకు కొదవ లేదు. పాలు మానేయ్, అన్నం మానేయ్, గుడ్డు వేడి, మామిడిపండు మరీ వేడి... అన్నీ పాటిస్తే చివరికి మిగిలేది కీరదోసకాయ ఒక్కటే!

తిండికీ మొటిమలకూ అసలు సంబంధం ఉందా? కొంత ఉంది. అది అందరూ అనుకునే తిండితో కాదు, అందరూ అనుకునేంతా కాదు. హాస్టల్లో ఉంటూనే, పైసా అదనంగా పెట్టకుండా చేయగలిగింది మాత్రం ఉంది.

ముందు బజ్జీ మీద ఉన్న నింద సంగతి చూద్దాం. మిరపకాయ బజ్జీలోని నూనె నేరుగా వచ్చి ముఖం మీద తేలదు. ముఖంపై జిడ్డును తయారుచేసేది చర్మంలోని నూనె గ్రంథులు. వాటిని నడిపించేది హార్మోన్లు. జిడ్డు ఎక్కువై, మృతకణాలతో కలిసి రోమరంధ్రం మూసుకుపోతే, లోపల బ్యాక్టీరియా పెరిగి వాపు వస్తుంది. అదే మొటిమ. ఇందులో తిండి పాత్ర ఎక్కడంటే, చక్కెర, మైదా, తెల్లన్నం లాంటివి రక్తంలో గ్లూకోజును వేగంగా పెంచుతాయి. దాన్ని అదుపు చేయడానికి ఇన్సులిన్ ఎక్కువగా విడుదలవుతుంది. దాంతోపాటు ఐజీఎఫ్-1 అనే హార్మోను ప్రభావమూ పెరుగుతుంది. ఈ రెండూ నూనె గ్రంథులను మరింత పనిచేయిస్తాయి. ‘వేడి చేసింది’ అనే మాటకు వైద్యంలో ఆధారం లేదు. మామిడిపండు తిన్నా తప్పేం లేదు. చక్కెర కలిపిన మామిడి రసం గ్లాసుల కొద్దీ తాగడం వేరే సంగతి.

వైద్యులు చాలాకాలం తిండి పాత్రను కొట్టిపారేశారు. అందుకు ఒక కారణం 1969లో అమెరికాలో వచ్చిన చాక్లెట్ అధ్యయనం. 65 మందికి కొన్ని వారాలు చాక్లెట్ బార్, మరికొన్ని వారాలు చాక్లెట్ లేని బార్ ఇచ్చి, తేడా ఏమీ లేదని తేల్చారు. తర్వాత చూస్తే చాక్లెట్ లేని ఆ బార్‌లోనూ చక్కెర, కొవ్వు దాదాపు అంతే ఉన్నాయి. ఇక తేడా ఎలా కనిపిస్తుంది? అయినా ఆ తీర్పు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది.

లెక్క మారింది 2007లో. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 15 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న 43 మంది అబ్బాయిల మీద 12 వారాల పరిశీలన జరిగింది. సగం మందికి గ్లూకోజును నెమ్మదిగా పెంచే ఆహారం, మాంసకృత్తులు ఎక్కువగా ఇచ్చారు. మిగతా సగం మంది మామూలు పిండిపదార్థాల తిండి తిన్నారు. మొదటి జట్టులో మొటిమలు సగటున 23.5 తగ్గితే, రెండో జట్టులో 12 తగ్గాయి. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఏ ప్రత్యేక ఆహారమూ తినని వాళ్లకూ ఎంతో కొంత తగ్గాయి. మరోటి, మొదటి జట్టు వాళ్లు బరువు కూడా తగ్గారు. కాబట్టి ఫలితమంతా తిండి మార్పుదేనా, బరువు తగ్గడానిదా అన్నది విడదీయడం కష్టం. అమెరికా చర్మవైద్యుల సంఘం 2024 మార్గదర్శకాల్లోనూ ఆహార నియమాలను సిఫార్సు చేయడానికి ఆధారాలు చాలవనే ఉంది. అంటే తిండి మార్పు మందుకు తోడే కానీ, మందుకు బదులు కాదు.

అమీర్‌పేటలోనో, అశోక్‌నగర్‌లోనో ఉండి చదువుకుంటుంటే మీ రోజు ఒకసారి లెక్కేసుకోండి. లేవగానే ఒక టీ, క్లాసు విరామంలో ఒకటి, మధ్యాహ్నం నిద్ర ఆపుకోవడానికి ఒకటి, సాయంత్రం ఫ్రెండ్స్‌తో ఒకటి, రాత్రి చదువుకు మరొకటి. కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకున్నా అయిదు కప్పులకు 40 నుంచి 50 గ్రాములు. రోజుకు 2,000 క్యాలరీలు తినేవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ పరిమితి 50 గ్రాములు, అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలంటోంది. మీ కోటా టీ కొట్టు దగ్గరే అయిపోయింది. పైన ఒక కూల్‌డ్రింకు తాగితే మరో 25 గ్రాములు. టీ మానక్కర్లేదు. రెండు కప్పులకు తగ్గించి, ‘అన్నా, షుగర్ తక్కువ’ అని చెప్పడం నేర్చుకుంటే చాలు. నా దృష్టిలో హాస్టల్ విద్యార్థికి అన్నిటికంటే తేలికైన, పనికొచ్చే మార్పు ఇదే.

అన్నం విషయానికొస్తే, మెస్ వాళ్లు మీ కోసం బియ్యం మార్చరు. ఇంటి దగ్గర ఉండేవాళ్లయితే తెలంగాణ సోనా లాంటి రకం ప్రయత్నించవచ్చు. గ్లూకోజును కాస్త నెమ్మదిగా పెంచే బియ్యంగా దానికి పేరుంది. మెస్‌లో మీ చేతిలో ఉన్నది గరిటె. రెండు గరిటెల పప్పు, కూర ముందు వడ్డించుకుని అన్నం ఒక గరిటె తగ్గించండి. చారుతో మూడోసారి కలుపుకోవడం ఆపి, ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు ఉడికించిన శనగలో తినండి. పొద్దున ఇడ్లీ, పెసరట్టు రెండూ ఉంటే పెసరట్టు వైపు మొగ్గండి. పెరుగు మానాల్సిన పనిలేదు.

పాల సంగతి కొంచెం చిక్కుముడి. అమెరికాలో 47,355 మంది నర్సులను హైస్కూల్ రోజుల్లో ఏం తిన్నారో గుర్తుచేసుకుని చెప్పమంటే, పాలు, ముఖ్యంగా వెన్న తీసిన పాలు ఎక్కువగా తాగినవాళ్లలో మొటిమలు ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. ఎన్నో ఏళ్ల నాటి తిండి జ్ఞాపకాల మీద ఆధారపడిన లెక్క కాబట్టి దాన్నే పట్టుకుని పాలు మానేయమని నేను చెప్పను. జిమ్‌కు వెళ్లేవాళ్లకు మాత్రం ఒక మాట. వే ప్రొటీన్ పౌడర్ మొదలుపెట్టాక ఛాతీ, వీపు మీద మొటిమలు ఉన్నట్టుండి లేచిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. మీకూ అలాగే జరిగిందా? డబ్బా మూసేసి రెండు నెలలు గుడ్లు, పప్పులతో నెట్టుకొచ్చి చూడండి. బీ12 ఇంజెక్షన్లు, మాత్రలు మొదలయ్యాక కూడా కొందరికి ఇలాగే వస్తాయి. అయితే వాటిని సొంతంగా ఆపొద్దు, రాసిన డాక్టర్‌కే చెప్పండి.

ఇప్పుడు అసలు చిక్కు, టైము. చర్మం లోపల మొదలైన మొటిమ పైకి కనిపించడానికి వారాలు పడుతుంది. మెల్‌బోర్న్ పరిశీలన 12 వారాలు సాగింది. కాబట్టి వచ్చే సోమవారం ఇంటర్వ్యూ పెట్టుకుని ఈ సోమవారం అన్నం మానేస్తే ముఖం మారదు, తల తిరుగుతుంది అంతే. ఒకేసారి అయిదు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో కూడా తెలియదు. టీ, కూల్‌డ్రింకుతో మొదలుపెట్టండి. ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో రెండు వారాలకోసారి ఫొటో తీసి పెట్టుకోండి. మూడు నెలలయ్యాక తేడా లేకపోతే మీ మొటిమలకు కారణం వేరే ఉందన్నమాట.

తొందరలో చాలామంది చేసే పని మెడికల్ షాపుకెళ్లి ‘మొటిమలకు మంచి క్రీము ఇవ్వండి’ అనడం. వాటిలో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి ఎర్రబారుతుంది, ఆపగానే మొటిమలు రెట్టింపై వస్తాయి. అలాగే రూమ్మేట్ వాడే ఐసోట్రెటినోయిన్ మాత్రలు అడిగి తీసుకోకండి. గర్భంలోని బిడ్డకు తీవ్రమైన హాని చేసే మందు అది, డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ఎవరూ వాడకూడదు.

గడ్డల్లా లోతుగా, నొప్పిగా ఉంటే, మచ్చలు గుంటలు పడుతుంటే మూడు నెలల ప్రయోగాల్లేవు, వెంటనే వెళ్లాల్సిందే. నెలసరి క్రమం తప్పుతూ, పైపెదవి, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతున్న అమ్మాయిలకు పీసీఓఎస్ ఉందేమో చూడాలి. అది టీలో చక్కెర తగ్గిస్తే పోయేది కాదు. ప్రయివేటు ఫీజు భారమైతే హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకోండి. వాడుతున్న క్రీములు, మాత్రల స్ట్రిప్పులు, ప్రొటీన్ డబ్బా ఫొటోలు వెంట ఉంచుకోండి. డాక్టర్ మొదట అడిగేది అవే.