డాక్టరు గదికి ముందుండే బల్ల



కిందటి ఏడాది అమెరికాలో డాలస్ పరిసరాల్లోని ఒక తెలుగు సంఘంలో వాక్యం చెప్పి దిగాక, ఒక సహోదరి నా కోసం ఆగింది. "అయ్యగారూ, ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది. మన దగ్గర బీకాం చదివాను. ఇప్పుడు పిల్లలిద్దరూ బడికి వెళ్తున్నారు. కమ్యూనిటీ కాలేజీలో మెడికల్ ఆఫీస్ అడ్మినిస్ట్రేషన్ చేరదామనుకుంటున్నాను. మంచిదంటారా?" అని అడిగింది. ప్రార్థన చేస్తానమ్మా అని చెప్పి వచ్చేయడం సులువే. కానీ ఆ చదువేమిటో తెలియకుండా దేని కోసం ప్రార్థించాలి? అందుకే తెలిసినవారిని అడిగాను. మన సంఘాల్లోనూ కూతుళ్లను, కోడళ్లను అక్కడికి పంపిన తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు గనుక తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఆ ప్రాంత ప్రజల కోసం ప్రభుత్వ సొమ్ముతో నడిచే రెండేళ్ల కాలేజీ. వీటిలో మొదటిది 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో మొదలైంది. యూనివర్సిటీతో పోలిస్తే ఫీజు తక్కువ. సాయంత్రం తరగతులు, ఆన్‌లైన్ తరగతులు ఉంటాయి. పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కన నలభై ఏళ్ల తల్లి కూర్చుంటే అక్కడ ఎవరూ వింతగా చూడరు.

ఇక ఈ చదువు దేనికంటే, డాక్టరు గదికి ముందుండే బల్ల దగ్గర పనికి. అపాయింట్‌మెంట్లు ఇవ్వడం, రోగి ఇన్సూరెన్స్ చెల్లుతుందో లేదో చూడడం, రికార్డులు సరిగా ఉంచడం, బిల్లులు పంపడం. ఇది నర్సింగ్ కాదు. బీపీ చూడడం, ఇంజెక్షన్‌కు సిద్ధం చేయడం లాంటివి మెడికల్ అసిస్టెంట్ చేసే పనులు. అది వేరే కోర్సు. పేర్లు దగ్గరగా ఉంటాయి గనుక చేరేముందు ఏది కావాలో తేల్చుకోవాలి.

సాధారణంగా సర్టిఫికెట్ కోర్సు ఏడాది లోపు పూర్తవుతుంది. అసోసియేట్ డిగ్రీకి సుమారు 60 క్రెడిట్లు, అంటే పూర్తికాలం చదివితే రెండేళ్లు. మొదట వైద్య పదాలు నేర్పుతారు. 'కార్డియో' అంటే గుండె, 'ఐటిస్' అంటే వాపు. ఇలా గ్రీకు, లాటిన్ ముక్కలు పట్టుబడితే కొత్త మాట ఎదురైనా అర్థం విడదీయవచ్చు. తర్వాత కోడ్‌లు. రోగి జబ్బుకు ఐసీడీ-10 అనే పద్ధతిలో ఒక కోడ్, డాక్టరు చేసిన పనికి సీపీటీ అనే పద్ధతిలో మరో కోడ్ వేసి ఇన్సూరెన్స్ కంపెనీకి పంపుతారు. ఒక్క కోడ్ తప్పుపడితే కంపెనీ చెల్లించనంటుంది, ఆ బిల్లు రోగి ఇంటికి రావచ్చు. బల్ల దగ్గర జరిగే చిన్న పొరపాటు ఒక కుటుంబానికి పెద్ద బరువవుతుంది.

చేరేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి.

మొదటిది వీసా. హెచ్-4 మీద ఉన్న భార్య చదువుకోవచ్చు గాని, అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి, ముఖ్యంగా భర్తకు ఐ-140 ఆమోదమైనవారికి, ఆ అనుమతి కోరుకునే వీలుంది. కోర్సు చివర క్లినిక్‌లో శిక్షణ ఉంటే, తన వీసా మీద అది చేయవచ్చో లేదో కాలేజీని ముందే అడగాలి.

రెండవది డబ్బు. కేంద్ర ప్రభుత్వ సహాయం పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి దొరుకుతుంది, హెచ్-4 వారికి దొరకదు. స్థానికుల ఫీజు వర్తిస్తుందా అన్నది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు.

మూడవది గుర్తింపు. కొన్ని ప్రైవేటు సంస్థలు ఇదే చదువుకు ఎన్నో రెట్లు వసూలు చేస్తాయి. అక్రెడిటేషన్ ఉందా, ఈ క్రెడిట్లు రేపు మరో కాలేజీ ఒప్పుకుంటుందా అని అడగాలి.

నాలుగవది ఆశ. ఈ ఉద్యోగాల్లో చాలావాటికి హైస్కూలు చదువుతోనే తీసుకుంటారు. సర్టిఫికెట్ తలుపు తట్టడానికి సాయపడుతుంది గాని ఉద్యోగానికి హామీ కాదు. కోడింగ్‌లో సీపీసీ పరీక్ష నెగ్గినా, అనుభవం లేనివారికి పేరు పక్కన అప్రెంటిస్ అనే గుర్తు కొంతకాలం ఉంటుంది. మన దగ్గర బీఎస్సీ నర్సింగ్ చేసినవారైతే ముందు ఆ రాష్ట్ర నర్సింగ్ బోర్డును, ఎన్‌క్లెక్స్ పరీక్షను గురించి విచారించాలి. ఉన్న చదువును పక్కనపెట్టి కొత్తది మొదలుపెట్టడం తొందరపాటు కావచ్చు.

ఒక మాట మాత్రం సంఘమంతా వినాలి. 1996లో వచ్చిన హిపా చట్టం రోగి వివరాలను కాపాడుతుంది. పనికి అవసరమైనంత మేరకే ఫైలు చూడాలి, బయట చెప్పకూడదు. మన సంఘంలోని అక్క ఒకరు ఆ క్లినిక్‌కే వచ్చిందనుకోండి. బల్ల దగ్గరున్న సహోదరి ఆమె జబ్బు సంగతి చూస్తుంది. బుధవారం కూడికలో "ఫలానా అక్క కోసం ప్రార్థించండి, ఆమెకు ఇలా ఉందట" అంటే, ఉద్దేశం ఎంత మంచిదైనా అది తప్పే. ఉద్యోగం పోవచ్చు. అంతకన్నా ముందు ఆ అక్క నమ్మకం పోతుంది. ఆమె తానే నోరు తెరిచి అడిగినప్పుడే అది ప్రార్థన మనవి. అంతవరకు మోకాళ్ల మీద ఒంటరిగా ప్రార్థించవచ్చు, దానికి ఏ చట్టమూ అడ్డురాదు. మనం కూడా "ఆమెకేమైందమ్మా, నీకు తెలుసుగా" అని ఆ సహోదరిని ఇరుకున పెట్టకూడదు.

ఆ సహోదరికి నేనిచ్చిన జవాబు ఇదే: "అమ్మా, ముందు వైద్య పదాల క్లాసు ఒక్కటే తీసుకో. నాలుగు నెలల్లో ఆ చదువు నీకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది, పెద్దగా డబ్బూ పోదు." సంఘ పెద్దలకు మరో మాట చెప్పాను. వారానికి రెండు సాయంత్రాలు ఆమె పిల్లలను ఎవరైనా చూసుకుంటే, ఆ చదువులో మీకూ పాలు ఉంటుందని. తలవంచి ఊరుకుంటారనుకున్నాను. వెనుక వరుసలోంచి ఒక పెద్దావిడ, "మంగళవారం నేను చూసుకుంటానయ్యగారూ" అంది. గురువారానికి ఇంకా ఎవరైనా కావాలి.