ఆవకాయా... తొక్కా... పొడా? రోజూ ఏది?

"వదినా, ఇయ్యాల ఏం తొక్కు నూరినవ్?" గోడ అవతలి నుంచి ప్రశ్న.

"నూరే తీరికెక్కడిది వదినా! జాడీలో ఆవకాయ ఉందిగా... ఈ పూటకి గడిచిపోతుంది" ఇవతలి నుంచి జవాబు.

లాలాపేట్‌లో పొద్దున్నే ఇలాంటి మాటలు వినిపించడం కొత్తేం కాదు. ఉద్యోగమనో, యూనివర్సిటీ దగ్గరనో వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు... ఒకే గోడకు ఇటు గుంటూరు, అటు జనగామ! ఒకరికి ఆవకాయో గోంగూరో లేనిదే ముద్ద దిగదు. మరొకరికి టమాట తొక్కో, నువ్వుల పొడో పక్కన ఉండాల్సిందే. రుచి సంగతి సరే, రోజూ తినడానికి ఏది మేలు?

ఈ తగువు తీర్చగల పెద్దమనుషులు దగ్గర్లోనే, తార్నాకలోనే ఉన్నారు. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధన కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలి వచ్చింది. పక్కనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిందీ 1918లోనే! ఈ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషి రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినకూడదు.

చెంచాడే... అన్నిటికీ కలిపి!

అయిదు గ్రాములంటే సుమారు ఒక టీస్పూను. పప్పు, చారు, కూర, పచ్చడి, అప్పడం... అన్నీ అందులోనే సర్దుకోవాలి. మీ ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవాలంటే చిన్న లెక్క చాలు. నలుగురున్న ఇంటికి నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ నెల తిరక్కుండానే అయిపోతోందా? అయితే చెయ్యి తగ్గించాల్సిందే. జాడీలో వేసిన ఉప్పు, బయట తిన్న మిక్చర్లు ఈ లెక్కకు అదనమని మరవకండి.

"అయితే ఈసారి ఆవకాయలో ఉప్పు తగ్గించి పెడతా" అంటారా? ఆ పని మాత్రం చేయకండి. ముక్కలోని నీటిని లాగేసి, బూజు పట్టకుండా ఏడాది పొడుగునా కాపాడేది ఆ ఉప్పే. పైన తేలే నూనె గాలి తగలకుండా చూస్తుంది. తగ్గించాల్సింది జాడీలో ఉప్పు కాదు, కంచంలో పచ్చడి. పెరుగన్నంలో నంజుకునే ఒక్క ముక్కతో ఆపితే ఆవకాయ అందమే వేరు! ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లుంటే ఆ ముక్క కూడా డాక్టరును అడిగే వడ్డించండి.

రోట్లో ఉంది కిటుకు

రోటి పచ్చడికి, తొక్కుకు ఆ ఇబ్బంది లేదు. ఏ పూటకాపూట చేసుకునేవి కాబట్టి నిలవ కోసం ఉప్పు గుమ్మరించక్కర్లేదు. చింతపండు పులుపు, వేయించిన జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రేకలు పడితే ఉప్పు తగ్గినట్టే తెలియదు. పారేసే బీరకాయ పొట్టుతో కూడా కమ్మని పచ్చడవుతుంది. రోలు లేకపోతే మిక్సీలో ఒక్క తిప్పు చాలు.

ఇక పొడులు. కందిపొడిలో ఉన్నది పప్పే కదా! బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల లోటును పప్పు భర్తీ చేస్తుంది. నువ్వుల పొడిలో కాల్షియం ఉంది. ఆదివారం ఓ గంట కూర్చుంటే వారానికి సరిపడా రెండు రకాలు చేసిపెట్టుకోవచ్చు. ఆఫీసుకు పరుగెత్తే రోజు అవే ఆదుకుంటాయి.

మరి మీ కంచంలో?

అసలు ప్రశ్న ఇప్పుడు. పిల్లలకీ, ఆయనకీ, అత్తగారికీ కూర వడ్డించాక గిన్నె అడుగు కనిపిస్తే మీరేం చేస్తారు? "నాకు పచ్చడి చాల్లే" అని ఆవకాయ అన్నం కలుపుకుంటారు. అవునా? ఆ మాట ఒక రోజుది అయితే పరవాలేదు. చాలా ఇళ్లలో అది రోజూ మాటే!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. దానికి కారణాలు చాలా ఉండొచ్చు. కానీ పప్పు, ఆకుకూర లేని కంచం అందులో ఒకటి. పచ్చడి కూరకు తోడే గానీ, కూరకు బదులు కాదు. అందుకే వడ్డించేటప్పుడే మీ వాటా పప్పు, కూర పక్కకు తీసి పెట్టుకోండి. ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి, అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే కాస్త ఆగండి, అది ఇనుమును అడ్డుకుంటుంది.

ఇంతకీ ఏది మేలంటారా? మొదటి ముద్దకు పొడి, మధ్యలో తొక్కు, చివర పెరుగులోకి ఆవకాయ ముక్క. ఒక రోజు ఒకటి, మరో రోజు మరొకటి. గోడకు ఇటున్న వాళ్లూ, అటున్న వాళ్లూ ఓ గిన్నెడు మార్చుకుంటే ఇంకా మంచిది... ఖాళీ గిన్నె వెనక్కి ఇవ్వరు కదా!